బొమ్మ వెనక పెన్సిలు రాత

నేను ఒక కొత్త సంవత్సరపు శుభాకాంక్షల కార్డుని. మద్రాసులో ఒక అచ్చాఫీసులో పుట్టి ఎనభై ఏళ్లు దాటాయి. నా మీద వీణ పట్టుకున్న స్త్రీ ఉంది. ఆమెను గీసినాయన వీణ వాయించే మనిషిని ఎన్నడూ చూసినట్టు లేదు. ఆమె ఎడమచెయ్యి తీగల మీద కాక గాలిలో ఉంటుంది. కింద 'స్త్రీయే గృహలక్ష్మి' అని అచ్చు వేశారు.

నన్ను కొన్నది పిఠాపురంలో ఒక గుమాస్తా. రాసింది ఆయన భార్య రత్తమాంబ. కలం ఆయన ముట్టుకోనివ్వడు గనక పెన్సిలుతో రాసింది. సామర్లకోటలో ఆమె అక్కకు చేరాను. నాలుగు నెలలకు రత్తమాంబ పురిట్లో పోయింది. పిల్ల బతికింది. అక్క పెంచింది. అక్కా పోయాక ఆమె కొడుకులు ఇంట్లో కాగితాలన్నీ తూకానికి వేశారు.

ఆ కాగితాల్లోంచి నన్ను ఏరినవాడు భుజంగరావు. కాకినాడలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. పండగలకు అచ్చయిన ఆడవాళ్ల బొమ్మల కార్డులు ఆరువందలు పోగుచేశాడు. "స్త్రీని గౌరవించడం నా వ్యసనం" అంటాడు. అనేటప్పుడు కాఫీ తెచ్చిన భార్య వైపు చూడడు. మా వెనకనున్న రాతలు అతని లెక్కలో మురికి. మైదాలో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపి ఉడికించిన జిగురుతో మా అందరి వీపులూ అట్టలకు అంటించేశాడు. చదవడం చరిత్రకారుడి పని కాదనుకున్నాడు కాబోలు.

మహిళా దినోత్సవం నాడు టౌన్‌హాల్లో మమ్మల్ని గోడలకెక్కించారు. వేదిక మీద ఐదుగురు మగవాళ్లు కూర్చున్నారు. సభ అయ్యాక ఎనభై మూడేళ్ల ఆవిడ నా ముందు ఆగి, ఎలుక కొరికిన నా మూల మీద వేలు పెట్టింది. ఆవిడ రత్తమాంబ కూతురు సత్యవేణి.

"ఇది మా అమ్మ రాసిన కార్డు బాబూ. మా పెద్దమ్మ పెట్టెలో ఉండేది. అక్షరాలొచ్చాక అడిగితే, పెద్దదానివయ్యాక ఇస్తానంది. ఇవ్వకుండానే పోయింది. అమ్మ చేతిరాత నేను చూళ్లేదు. ఒక్కసారి తిప్పండి."

"తిప్పడానికి లేదమ్మా, అంటించేశాను. ఊడదీస్తే బొమ్మ పాడైపోతుంది. వెనక ఏముంటుంది, క్షేమమా అంటే క్షేమం. బొమ్మ చూడండి, ఎంత కళగా ఉందో!"

"ఆవిడా నన్ను కన్నది?"

సత్యవేణి నన్ను మేకు నుంచి తీసింది. గుమ్మం దగ్గర చేతులు కడుక్కునే బకెట్లో ముంచి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అయ్యయ్యో!" అని భుజంగరావు ఉరికాడు. పేపరు ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. మహిళా దినోత్సవం నాడు తను ముసలావిడ చెయ్యి మెలిపెడుతున్న ఫొటో పేపర్లో ఎలా ఉంటుందో భుజంగరావుకు తట్టింది. ఆగిపోయాడు.

మైదా నీటికి లొంగుతుంది. అరగంటకు అట్టను వదిలాను. వీణా, గాలిలో చెయ్యీ పొరలుగా ఊడి నీళ్లలో తేలాయి. నేనేమీ బాధపడలేదు. పెన్సిలు గీత చెదరలేదు.

సత్యవేణి కళ్లద్దాలు తుడుచుకుని కూడబలుక్కుంటూ చదివింది. "అక్కా, ఇంట్లో అంతా మగపిల్లాడే అంటున్నారు. నాకు మాత్రం ఆడపిల్ల కావాలని ఉంది. ఎవరితోనూ అనకు."

మళ్లీ చదివింది.

"నాతో కూడా అనలేదు పెద్దమ్మ," అంది.

భుజంగరావు అప్పటికి గోడ దగ్గరున్నాడు. ఖాళీ మేకు కింద చీటీ అంటిస్తున్నాడు: 'ఈ స్త్రీమూర్తి మరమ్మతులో ఉంది.'