దండోరా లేని తుఫాను

తుఫాను వెలిసిన ఉదయం సత్తియ్య నావ ఉప్పాడ ఒడ్డుకు బోర్లాపడి కొట్టుకొచ్చింది. దాని తాడులో చెయ్యి చిక్కుకుని సత్తియ్య శవం ఉంది. వేటకెళ్లిన ఏ నావా నిలబడి రాలేదు.

సత్తియ్య పెళ్లాం లోవమ్మ ఆ చేతిని విడదీస్తుండగా, కాకినాడలో చేపలమ్మే అప్పాయమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"ఒసే లోవమ్మా! షావుకార్ల పడవలు ఒక్కటీ మునగలేదే. కాలవలో వరసగా కట్టేసున్నాయి, రెండేసి తాళ్లతో!"

"ఎప్పుడు కట్టారంట?"

"మబ్బు పట్టకముందే."

ఏడుపులు ఆగిపోయాయి. గాలి రాకముందే దాని సంగతి వాళ్లకెవరు చెప్పారు?

ఒడ్డు చేరిన శవాలను మోసుకుంటూ పల్లె పల్లెంతా కాకినాడకు నడిచి, రేవు కచేరి ముందు కూర్చుంది. దొర బయటకు రాలేదు. గుమాస్తా పెద్దిరాజు వచ్చాడు.

"తుఫాను వస్తోందని తంతి ముందురోజే వచ్చింది. తలుపుకి కాగితం అంటించాం. మీరు చూసుకోకపోతే ఎవరిది తప్పు?"

"ఏ భాషలో అంటించారండీ?" అడిగింది లోవమ్మ.

"ఇంగ్లీషులో. రాజ్యమంతటికీ ఒక్కటే భాష ఉండాలని ఉత్తర్వు. ఊరికో మాటలో చెబుతూ కూర్చుంటే కచేరి నడుస్తుందా?"

"పన్ను కట్టమని తెలుగులోనే దండోరా వేయించారు గదండీ! అప్పుడు బాగానే నడిచిందే మీ కచేరి!" అంది అప్పాయమ్మ.

లోవమ్మ లేచింది. "మరి షావుకార్లకి ఇంగ్లీషు వచ్చాండీ?"

కచేరి కాపలా పోలీసులు లాఠీలు ఎత్తారు. ఒక్కరూ కదల్లేదు.

కూలి అన్నలారా, చదువుకునే తమ్ముళ్లారా, అప్పుడు రేవు కూలీలు బస్తాలు దించి ఆ ఆడవాళ్ల పక్కన కూర్చున్నారు.

"సముద్రం సంగతి మా మాటలో చెప్పేదాకా ఈ రేవులో బస్తా లేవదు!" అన్నారు కూలీలు.

పోలీసులు లోవమ్మ చేతులకు తాడు బిగించారు.

"ఏం శిక్ష వేస్తారో అదైనా తెలుగులో చెప్పండయ్యా," అందామె. "నాకు తెలియాలిగా."

పెద్దిరాజు ఆ తాడు కేసి చూశాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"షావుకార్లకి చెప్పింది నేనేనమ్మా. మా బావగారి కొట్టు మెట్ల మీద కూర్చుని తెలుగులోనే చెప్పాను. పల్లెకి దండోరా వేయించమంటారా అని దొరని అడిగాను. కచేరి మాట ఇంగ్లీషులోనే ఉండాలన్నాడు. చిత్తమన్నాను. డప్పు గోడకే వేలాడుతోంది. ఒక్క మనిషిని పంపితే సరిపోయేది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. మర్నాడు పొద్దున్న మీ నావలు ఈ రేవు ముందు నుంచే వెళ్లాయి. సత్తియ్య నన్ను చూసి చెయ్యి ఊపాడు. కేకేస్తే వినపడేంత దూరం. నేను కేకెయ్యలేదు లోవమ్మా. నేనూ చెయ్యి ఊపాను."