ఘటం ఎత్తే చెయ్యి

అచ్చయ్య గొంతు మెట్ల మీద వినపడగానే భానుప్రియ చేతిలో పని వదిలేసి గుమ్మం వైపు చూసింది. చిమిండైంగ్ పేటలో తెలుగువాళ్ల అమ్మవారి గుడికి ఆయనే పెద్ద. ఈ యేడు జాతరలో ఘటం, అదే అమ్మవారి కడవ, ఎవరి తలకెత్తాలో తేల్చడానికే వస్తున్నాడు. ఏటా ఎత్తేది భానుప్రియ అత్తగారు చిలకమ్మే. కానీ వానలు పట్టినప్పటి నుంచి ఆమె కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి తల దాకా లేవకపోతే ఘటం ఏటి అవతల తన్లిన్‌లో ఉండే మరో భక్తురాలు మణిమాల ఇంటికి వెళ్లిపోతుంది. ఆ బెంగతో చిలకమ్మకు ముద్ద దిగడం లేదు.

భానుప్రియ బడిలో డ్రిల్లు టీచరు. కసరత్తు చెయ్యమని అత్తగారిని బతిమాలింది.

"ఈ వయసులో కుప్పిగంతులేటి? ఈదిలో నవ్వుతారు!" అని చిలకమ్మ మొహం తిప్పేసింది.

చివరికి భానుప్రియ గోడకు ఓ బొమ్మ తగిలించింది. రెండు వందల ఏళ్ల కిందటి స్వీడన్ వ్యాయామ గురువు, పెర్ హెన్రిక్ లింగ్. "ఈయన చెయ్యీ ఇలాగే పట్టేసిందట అత్తా. రోజూ కత్తిసాము చేసి బాగుచేసుకున్నాడట. తర్వాత దేశమంతటికీ నేర్పాడు."

మర్నాడు చూస్తే బొమ్మ నుదుట కుంకుమ బొట్టు! చేతి నొప్పులు తీర్చే సామి అనుకుంది చిలకమ్మ.

నిజం చెప్పబోయి భానుప్రియ ఆగిపోయింది. చిలకమ్మ చచ్చినా ఎడమ చేత్తో బొట్టు పెట్టదు. ఇంకేం, భానుప్రియ వారానికోసారి మేకు పీకి బెత్తెడు పైన కొట్టసాగింది. అడిగితే, "వానలు కదత్తా, గోడకి చెమ్మెక్కుతోంది" అనేది. చిలకమ్మ మూలుగుతూ, వేళ్లతో గోడ మీద పాకుతూ ఎలాగో బొట్టు అందించేది. ఈ ఉదయం మేకు ఆమె తల దాటింది. ఇంకా బొట్టు పడలేదు.

"ఎవురీ కోటు సామి?" లోపలికొస్తూనే అచ్చయ్య బొమ్మ దగ్గర ఆగాడు. కళ్లద్దాలు సర్దుకుని కింద ఇంగ్లీషు అక్షరాలు చదివి పకపకా నవ్వాడు. "సామీ నేదు గీమీ నేదు సెల్లీ! కసరత్తు నేర్పిన దొర. నీ కోడలు నీ సేత డ్రిల్లు మేష్టరికి పూజ సేయిస్తంది!"

చిలకమ్మ కోడలి వైపు తిరిగింది.

"ఏటే బానూ, నిజవేనా?"

"నిజమే అత్తా. కానీ..."

"నా సేత దొంగ పూజలా! అమ్మోరు ఊరుకుంటాదేటి!" చిలకమ్మ ఊగిపోతూ గోడ దగ్గరికి ఉరికింది. ఒక్క గుంజుతో బొమ్మను ఊడబెరికి విసరబోయింది.

విసరలేదు. అచ్చయ్య నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. చిలకమ్మ కూడా తలెత్తింది. బొమ్మ ఆమె నెత్తి మీదే ఉంది. పట్టుకున్నది కుడి చెయ్యి.

"ఓలమ్మో..." మెల్లగా దించింది. మళ్లీ ఎత్తింది. "నొప్పెడతంది గానీ, లెగుస్తంది బానూ!"

"ఉత్త సెయ్యెత్తితే సాల్దు. కడవెత్తాల," అన్నాడు అచ్చయ్య పెద్దరికం వదలకుండా.

చిలకమ్మ వంటింట్లోంచి నీళ్ల బిందె తెచ్చి తలకెత్తుకుంది. కుడిచేత్తో పట్టి గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చింది. చుక్క తొణకలేదు.

"ఘటానికి ఉపాసం రేపట్నించే మొదలెట్టు సెల్లీ," అనేసి అచ్చయ్య మెట్లు దిగాడు.

భానుప్రియ నేల మీద చతికిలబడింది.

చిలకమ్మ బొమ్మను తానే మేకుకు తగిలించింది. పాత బొట్టు తుడవబోయి ఆగింది. "ఉండనీ. మేష్టరైతే మాత్రం?" అని గొణిగి కోడలి వైపు తిరిగింది. "అలా కూకున్నావేటే? ఉపాసం రేపు గదా. ఎల్లి మొహింగా పట్రా. ఆ సేపల పులుసు సేమ్యా రెండు గిన్నెలు నాకే!"