ప్రార్థన మనవి

బెల్టు మీద మక్క గింజలు జారి వస్తుంటే ఎలీషమ్మ వేళ్లు పుచ్చినవాటినీ విరిగినవాటినీ ఏరి పక్క డబ్బాలో వేస్తున్నాయి. మేడ్చల్‌లోని ఆ విత్తనాల కంపెనీలో ఆమె పెళ్లయిన కొత్తలో చేరింది. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు మీద, కనుబొమల మీద పిండిలాంటి దుమ్ము. ఏళ్ల తరబడి బెల్టు వైపు వంగి నడుము ఎడమకు ఒరిగిపోయింది. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా అలాగే ఒరిగి కూర్చుంటుంది.

పంటినొప్పి అని చెప్పి ఒంటిపూట సెలవు తీసుకుంది. పక్కన ఏరుతున్న దుర్గాబాయికి మాత్రం కొడుకు గురించిన నిజం చెప్పక తప్పలేదు.

"కౌన్సిలర్ కాడికా? గాడికి పిచ్చోళ్లే పోతరు గదనే. కరెంటు పెడతరంట."

"ఊకో. మాట్లాడుడే అంట."

"ఉత్త మాటలకు మేడం ఎందుకే? మీ విక్టర్‌ను నా కాడికి పంపు. పొద్దుమూకేదాంక మాట్లాడుత, చాయ్ గూడ పోస్త."

ఎలీషమ్మ నవ్వలేదు. కరెంటు గురించి కాదు ఆమె భయం.

వాళ్ల చర్చిలో పాస్టరమ్మకు చెప్పుకున్న బాధ ఆదివారం ప్రార్థన మనవిగా అందరి ముందుకూ వస్తుంది. పేరు చెబుతారు, సంగతి చెబుతారు, అందరూ కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థిస్తారు. భర్త మోషే తాగొచ్చి కొట్టే రోజుల్లో ఎలీషమ్మ మనవి కూడా అలాగే వినిపించారు. ఆ సాయంత్రం ఆడవాళ్లు కూరలు పట్టుకుని ఇంటికి వచ్చారు. మోషే పోయినప్పుడు ఆ చేతులే ఆమెను లేపి నిలబెట్టాయి. అందుకే ఎండాకాలంలో ఒక పొద్దున కొడుకు విక్టర్ మంచం దిగకుండా, "లేవబుద్ధి అయితలేదమ్మా. ఎందుకు బతుకుడో తెలుస్తలేదు" అంటే, ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పాస్టరమ్మ ఇంటికి పరుగెత్తింది.

ఆదివారం విక్టర్ డ్రమ్స్ ముందు కూర్చుని ఉండగానే అతని పేరు మైకులో వినిపించింది. చావు తలంపుల నుంచి ఈ యవ్వనస్థుణ్ణి విడిపించు ప్రభువా అని. అతను కర్రలు కింద పెట్టి బయటికి నడిచాడు. మళ్లీ చర్చికి రాలేదు. అతను పనిచేసే గుండ్లపోచంపల్లి గోదాముకూ ఆ మాట చేరింది; తోటివాళ్లు "ఇంక బతికే ఉన్నవారా?" అని నవ్వేవారు. అప్పటినుంచి తల్లితో అన్నం, నీళ్ల మాటలే.

అటువంటివాడు మొన్న తనంతట తాను, శామీర్‌పేట దవాఖానలో మనసు బాధలు వినే కౌన్సిలర్ దగ్గరికి పోతానని, తల్లిని కూడా రమ్మన్నారని చెప్పాడు. అక్కడ చెప్పింది గోదాముకు చేరితే? ఇంకోసారి పదిమందిలో పేరు వినిపిస్తే, ఈసారి వాడు ఏం చేసుకుంటాడో? లోపలికి పోకుండా గుమ్మం దగ్గరే ఆపాలని ఆమె బస్సెక్కింది. ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. బస్సు ప్రతి స్టేజీలోనూ ఆగుతోంది.

దవాఖానలో బెంచీ ఖాళీగా ఉంది. చివరి గది తలుపు మూసి ఉంది. దబదబా కొట్టింది. కౌన్సిలర్ తేజస్వి తలుపు ఓరగా తీసింది.

"విక్టర్ అమ్మగారా? కూర్చోండి. ముందు తనొక్కడే మాట్లాడతానన్నాడు."

"మేడం, వాడు చెప్పింది గోదాముల చెప్పకుండ్రి. మా చర్చిల చెప్పకుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"ఎవరికీ చెప్పనమ్మా."

"నాకు చెప్పుండ్రి సాలు. నేను సంభాళిస్త."

"మీకూ చెప్పను. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే మాత్రం, ముందు తనకు చెప్పి, తర్వాత మీకు చెబుతాను."

"నేను కన్నతల్లిని!"

"అవునమ్మా" అంది తేజస్వి. తలుపు మెల్లగా మూసుకుంది.

ఎలీషమ్మ చెంపలు మండాయి. లోకమంతా వింటుందని పరుగెత్తుకొచ్చింది. ఇప్పుడు తనకే వినిపించదట. తలుపుకు చెవి ఆనించింది. లోపల విక్టర్ గొంతు. ఏడుస్తూ, ఆగుతూ, మళ్లీ మొదలుపెడుతూ. వాడు అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఒక మాట తెలిసేలోపే ఆమె చెవి తీసేసింది. వెళ్లి వరండా ఆ చివర, ఏమీ వినిపించనంత దూరంలో నిలబడింది.

విక్టర్ కళ్లు ఉబ్బి బయటికి వచ్చాడు.

"కొన్ని దినాలు బహదూర్‌పల్లిల దోస్తు నిఖిల్ కాడ ఉంట. మేడంకు చెప్పిన. ఈడికి మాత్రం వస్త."

"ఇంట్ల ఏం తక్కువైందిరా?"

అతను బండి తాళం చేతిలో తిప్పాడు. "ఆదివారం నా పేరు తియ్యకు."

"తియ్య."

"పాస్టరమ్మ అడిగితే?"

"మంచిగున్నడని చెప్త."

"గది గూడ చెప్పకు."

"చెప్ప బిడ్డా" అంది. అతను తల్లి భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి మెట్లు దిగాడు. బండి చప్పుడు రోడ్డు మలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

"మీరు కూడా కాసేపు కూర్చుంటారా?" అంది తేజస్వి, తలుపు తెరిచి పట్టుకుని.

ఎలీషమ్మ లోపలికి వెళ్లి, ఇంకా వెచ్చగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఎదుట బల్ల మీద విక్టర్ వదిలిన కాగితపు కప్పు ఉంది. అంచంతా చుట్టూ అతని గోళ్లకు సన్నసన్నగా చీలికలై, ఒక్కటీ తెగకుండా బయటికి వంగి, అడుగున గుక్కెడు నీళ్లతో.