చోటు మారిన క్రేన్

ఆ రేవు సరంగుకు కొట్టినపిండి. గడియారపు బురుజూ, దాని ముందున్న పాత క్రేనూ ఒకే గీతలో కనబడేలా చుక్కాని పట్టుకుంటే చాలు, నీళ్ళలో దాగిన రాళ్ళు పడవ జోలికి రావు. కొత్త హంగులు దిద్దడానికి తొమ్మిదేళ్ళు మూసిన రేవును ఇవాళే మళ్ళీ తెరిచారు. మొదటి షికారు పడవ ఆయనదే. అందులో అరవైమంది జనం, ఒకటే కేరింతలు.

పక్కనే నిలబడ్డ కూతురు లోతు చూపే తెర మీంచి కన్ను తిప్పడం లేదు. ఆ అమ్మాయికీ పడవ నడిపే లైసెన్సుంది. తండ్రి చుక్కాని వదిలితేగా!

"నాన్నా, నాలుగు మీటర్లే ఉంది. కొత్త మ్యాపు ప్రకారం మనం బాగా ఎడమకి వచ్చేశాం."

"ఆ మ్యాపు గీసినవాడు పుట్టకముందు నుంచీ వస్తున్నానే ఇక్కడికి! నువ్వు పోయి టికెట్లు చూసుకో!"

అందరూ వినేలా అరిచాడు. అమ్మాయి మొహం మాడిపోయింది, కానీ కదల్లేదు.

"రెండున్నర, నాన్నా." నీళ్ళలో మునిగుండే పడవ అడుగే మీటరున్నర.

సరంగు తలెత్తి ఒడ్డుకేసి చూశాడు. క్రేన్ బురుజు ముందే నిటారుగా ఉంది కదా, తప్పెక్కడ? కళ్ళు చికిలించాడు. క్రేన్‌కు పసుపు రంగు కొట్టారు. దాని కింద ఏదో హోటలు వాళ్ళ గొడుగులు, కుర్చీలు, కాఫీ తాగుతున్న జనం. సరుకు దింపే క్రేన్ నీటి అంచున పట్టాల మీద ఉండాలి. అక్కడ కుర్చీలకు చోటెక్కడిది?

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. చూడముచ్చటగా ఉంటుందని దాన్ని తెచ్చి హోటలు ముందు నిలబెట్టారు, మహానుభావులు!

ఇంజను ఒక్కసారిగా వెనక్కి తిప్పాడు. పడవ గజగజలాడింది. కింద ఏదో గరగరా గీసుకుంది. కేరింతలు ఠక్కున ఆగిపోయాయి. ఒక తల్లి బిడ్డను గుండెలకు హత్తుకుంది. కూతురు పరుగున వెళ్ళి అడుగున చెక్క మూత ఎత్తి చూసింది.

"నీళ్ళు రావట్లేదు నాన్నా!"

పడవ లోతు నీళ్ళలోకి జారింది. తిరిగొచ్చిన కూతురు మళ్ళీ తెర ముందు నిలబడి లోతు చూడసాగింది. సరంగుకు సిగ్గేసింది.

చుక్కాని వదిలి పక్కకు జరిగాడు. ఈసారీ అందరూ వినేలాగే అన్నాడు.

"పట్టు తల్లీ. నేను పోయి టికెట్లు చూసుకుంటా."