ఒడి నిండా కలుపు

మా మామ మహాదేవప్ప జహీరాబాద్‌లో మూడు రోజులు సాగు పాఠాలు విని, నాలుగో రోజు కొత్త మనిషై ఇంటికొచ్చాడు. డెబ్బై తొమ్మిది ఆషాఢం మాట ఇది. కాళ్ళు కూడా కడుక్కోకుండా నేరుగా బావి కాడి కూరగాయల తోటకు నడిచి, వంగ సాళ్ళ మధ్య నిలబడి కిందికి చూశాడు.

"సావిత్రీ, గిదేంది? తోటనా, కలుపు మడినా?"

ఆ తోట నా చేతికొచ్చి అప్పటికి ఆరేళ్ళు. నేను కాపురానికొచ్చిన ఏడాదే మా అత్త కాలం చేసింది. దున్నడం మగవాళ్ళది, ఆ తర్వాతదంతా నాది. వంగ, బెండ, టమాట, మిరప పెట్టేదాన్ని. వాటి మధ్య గంగవాయిలి, చెంచలి, దొగ్గలి ఉండేవి. అవి వాటంతటవే మొలిచేవి, నేనే పీకకుండా ఉంచేదాన్ని.

"కలుపే మామా. తినే కలుపు," అన్నాను.

ఆ పద్ధతి నాకు నేర్పింది నారమ్మ. ఊరి ఆ చివర ఉంటుంది. ఎల్లమ్మతో కలిపి ఆరుగురిని వెంటేసుకుని ముప్పై ఏళ్ళుగా మా తోటలో కలుపు తీస్తున్న మనిషి. మొదటి కలుపులో గరిక, తుంగ మాత్రమే వేరుతో తీస్తుంది. తినేవాటి మీద చెయ్యి వెయ్యదు. గంగవాయిలి నేలనంటుకుని పాకుతుంది కాబట్టి వంగ మొదట్లో తడి ఆరదు. దొగ్గలి జానెడు పెరగగానే చిగురు గిల్లాలి, మళ్ళీ వేస్తే మళ్ళీ గిల్లాలి, పూత కనబడిన రోజు మాత్రం దయాదాక్షిణ్యం లేకుండా పీకెయ్యాలి. ఒక్క వారం బద్ధకించామంటే అదే తోటను మింగుతుంది. ఏ రోజు ఏది తీయాలో నారమ్మకు వేళ్ళ మీద ఉంటుంది.

పొద్దుగూకేముందు తీసిన కూరంతా తీసినవాళ్ళ ఒడిలోకి పోతుంది. కూలి కూలే, ఒడి ఒడే. ఇది మా అత్త కాలం నుంచి ఉన్న ఏర్పాటు. ఆషాఢంలో ఆ ఇళ్ళలో పప్పుగింజ ఉండదు. జొన్నరొట్టె, ఈ కూర, అంతే.

మా మామ ఇవేవీ వినే స్థితిలో లేడు. "వాళ్ళు కూర కోసం నా తోటల కలుపు పెంచుతున్నరు," అన్నాడు.

నిజమే, పెంచుతున్నారు. నేనూ పెంచుతున్నాను. అందులో తోటకొచ్చిన నష్టమేంటో చూపించమంటే మాత్రం, "విత్తనం రాలుతది, కలుపు ఏదైనా పీకి గుంతల పూడ్చాలె," అని నేర్చుకొచ్చిన పాఠమే అప్పజెప్పాడు.

మర్నాడు సాయంత్రం ఆడవాళ్ళు ఇళ్ళకు బయలుదేరే వేళకు గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు.

"ఇయ్యాల్టి సంది ఒడి లేదు. దానికి బదులు పూటకొక రొట్టె ఎక్కువ పెడుత."

"రొట్టె ఇస్తవు, మంచిదే పటేలా," అంది నారమ్మ. "మరి ఆ రొట్టెల ఏం పెట్టుకొని తినాలె?"

వెనక ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అది ఆయనకు ఎక్కడో తగిలింది. "ఒడి దులుపుండ్రి," అన్నాడు.

నారమ్మే ముందు కొంగు ముడి విప్పి దులిపింది. చెంచలి, దొగ్గలి చిగుళ్ళు కాళ్ళ దగ్గర కుప్పగా పడ్డాయి.

"ముప్పై ఏండ్ల సంది నీ మిరపకాయ ఒక్కటి నా ఒడిల పోలే. ఇయ్యాల నన్ను దొంగను చేస్తివి," అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే దులిపి ఆమె వెంట నడిచారు.

నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. అంత నోరున్నదాన్ని ఆ రోజు ఎందుకు మూసుకున్నానో ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

తర్వాత పది రోజులు ముసురు. ఒక్కరూ పనికి రాలేదు. మామ ఇల్లిల్లూ తిరిగాడు. ఒకామెకు మోకాళ్ళ నొప్పి, ఒకామెకు చుట్టాలు. ఎల్లమ్మ మాత్రం డొంకతిరుగుడు లేకుండా, "నారమ్మ ఏడికొస్తే నేను ఆడికొస్త," అని ముఖం మీదే చెప్పింది. తోటలో గరిక మోకాలెత్తు లేచింది. నేను ఒక్కదాన్నే వంగ సాళ్ళలో పడి పీకుతుంటే, ఒక సాలు అయ్యేలోపు వెనకది మళ్ళీ పచ్చబడేది.

"ఎవ్వరితోని ఫికర్ లేదు. మిరప నారుమడి నేనే సాఫ్ చేస్త," అన్నాడు మామ ఒక రాత్రి.

నాగలి పట్టడంలో ఆయనకు సాటి లేరు గానీ, అరవై ఏళ్ళలో నారుమడి పక్కన కూర్చున్న మనిషి కాదు. ఆ ముక్క నేను అప్పుడే అనాల్సింది. పొద్దున్నే లేచి వెళ్ళిపోయాడు. రొట్టెలు చేసి, చాయ్ తీసుకుని నేను వెళ్ళేసరికి మడి అద్దంలా ఉంది. ఆయన ముఖం కూడా అలాగే వెలిగిపోతోంది.

"చూడు, బక్కగ పీలగ ఉన్న కలుపంతా పీకిన. మంచిగ బలిసిన నారు ఉంచిన."

నేను వంగి చూశాను. మడిలో నిగనిగలాడుతూ నిలబడ్డవన్నీ కామంచి మొక్కలు. లేత వయసులో కామంచి, మిరప తోబుట్టువుల్లా ఉంటాయి. ఆకు కొద్దిగా వెడల్పున్నదీ, తొందరగా బలిసేదీ కామంచి. గట్టు మీద, వేళ్ళకింకా తడి మట్టి అంటుకుని, ఆ ఏటి మా మిరప నారంతా కుప్పగా పడి ఉంది.

"మామా, మీరు ఉంచింది కామంచి. పీకింది మిరప."

ఆయన చేతిలో చాయ్ లోటా అలాగే ఆగిపోయింది. నవ్వు నా గొంతు దాకా వచ్చింది, ఆ ముఖం చూశాక దిగిపోయింది. అర ఎకరం మిరప ఆ కుప్పలోనే ఉంది. మళ్ళీ విత్తనం పోసి నారు పెంచే అదను దాటిపోయింది.

"పోయినట్టేనా సావిత్రీ?"

"పోలే. మొగులుంది, ఎండ లేదు, వేళ్ళు తడి మీదున్నయి. పగటాల్లకు మళ్ళ నాటితే బతుకుతయి. కాని ఒక్కొక్కటి వేలుతోని గుంత చేసి పెట్టాలె. నా రెండు చేతులతోని కాదు."

"అయితే జర నువ్వు పోయి నారమ్మను పిలువు."

"నేను పోను," అన్నాను. "ఒడి దులిపించింది మీరు. మీరే పోవాలె."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక పది రోజుల బరువు దిగింది. తడి గోనెసంచి తెచ్చి నారు మీద కప్పి, ఆయన వెనకే నేనూ నడిచాను. నారమ్మ గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి కూడా చాట ఆపలేదు.

"మిరప నారు పీకేసిన నారమ్మా. కలుపనుకొని," అన్నాడు మామ.

చాట ఆగింది. "మడి అంతనా?"

"అంత."

ఆమె లేచి చీర దోపుకుంది. రెండు అడుగులు వేసి ఆగింది. "నారు ఏం చేసింది పాపం, వస్త. కాని ఒడి సంగతి?"

"తీసుకపోండ్రి. ఎప్పటి తీరుగనే."

"గది నాకొక్కదానికి చెప్తే కాదు. దులిపినోళ్ళందరి ముంగట చెప్పు."

చెప్పాడు. ఎల్లమ్మ ఇంటి ముందు ఒకసారి, మిగిలిన వాళ్ళ గడపల్లో ఒక్కోసారి, అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు. నాలుగో ఇంటికి వచ్చేసరికి గొంతు కూడా సర్దుకుంది.

ముందు మడిలోని కామంచి తీసి, అదీ తినేదే కాబట్టి కూరకని చిగుళ్ళు తుంచి పక్కన పెట్టారు. ఆ జాగాలోనే మిరప మళ్ళీ నాటారు. ఏడుగురు ఆడవాళ్ళు, నేను, నీళ్ళు చల్లడానికి మామ. మధ్యాహ్నానికల్లా ఒక్క మొక్క మిగలకుండా మట్టిలోకి పోయింది. అందులో ముప్పాతిక వంతు బతికింది. ఆ సంగతి తేలడానికి నాలుగు రోజులు పట్టిందనుకోండి, కానీ నాకు ఆ రోజే ధీమా ఉంది, నారమ్మ చెయ్యి పడ్డది కాబట్టి.

పని అయ్యాక ఆడవాళ్ళు కామంచి చిగుళ్ళు ఒళ్ళో వేసుకుని లేచారు. నారమ్మ మామ ముందుకొచ్చి నిలబడి, కొంగు రెండు కొసలూ పట్టుకుని, మళ్ళీ దులిపిస్తావా అన్నట్టు చాపింది. అందులో గుప్పెడు ఆకు ఉంది. అందరూ చూస్తున్నారు.

మామ వంగ సాల్లోకి దిగి, చతికిలబడి, ఒక తీగ ఎత్తి చూపించాడు.

"ఇది తినేదేనా?"

"గంగవాయిలి. తినేదే."

తుంచాడు. ఇంకోటి ఎత్తాడు. "ఇది?"

"అది గరిక. బర్రెకెయ్యి."

ఈసారి నవ్వింది ఆడవాళ్ళే కాదు, మామ కూడా. అలా అడిగి అడిగి దోసెడు కూర తీసి, లేచొచ్చి, తన చేతులతో ఆమె ఒళ్ళో పోశాడు.

నారమ్మ కొంగు మడవలేదు. "గింతేనా పటేలా? ఇంక జాగ ఉన్నది," అంది.

మా మామ మళ్ళీ సాల్లో కూర్చున్నాడు.