సార్ క్షమించిన రోజు

ఇంటర్నెట్‌లో ఎవరి రాత ఎవరి సొత్తో తేల్చడం ప్రొఫెసర్‌గారికి వెన్నతో పెట్టిన విద్య. కాపీరైట్ విషయంలో ఆయన మాటే వేదం. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్ళకు ఒకటే నియమం: రాసేదంతా ఆయన ఖాతాలో, ఆయన తెరిచిచ్చిన ఫోల్డర్‌లోనే రాయాలి. దిద్దడానికి వీలట! సొంత మేనకోడలు కూడా నాలుగేళ్ళు అందులోనే రాసింది. ఆమెకు ఆయన ఇంట్లో మామయ్య, కాలేజీలో సార్. ఇలాంటి గైడ్ ఎందరికి దొరుకుతాడని వాళ్ళమ్మ మురిసిపోయింది. ఆ పిల్లా అలాగే అనుకుంది, పాపం.

సైట్ మూతపడితే అందులో జనం రాసుకున్నది ఎవరికి చెందుతుందన్నది ఆమె పరిశోధన. థీసిస్ ఇచ్చిన వారానికే కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టేసింది. అందులోని మూడు అధ్యాయాలు ప్రొఫెసర్‌గారి పుస్తకంలో అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. ఆ పుస్తకం రెండు నెలల కిందటే వచ్చింది. ఆమె దాని ముఖం కూడా చూడలేదు.

విచారణ గదిలో ఏసీ నీళ్ళు బకెట్‌లోకి కారుతున్నాయి. బల్లకు అవతల కమిటీవాళ్ళు ముగ్గురు, వాళ్ళ పక్కనే మామయ్య. డిగ్రీ పోతే చేతికొచ్చిన లెక్చరర్ ఉద్యోగం కూడా పోతుంది. అయినా ఆమె బెదరలేదు. ప్రతి వాక్యం ఎవరు ఎప్పుడు రాశారో ఫోల్డర్‌లో ఉంటుందని చెప్పి, అందరి ముందూ లాప్‌టాప్ తెరిచింది.

ఫోల్డర్ చూసే అనుమతి లేదని తెర మీద వచ్చింది.

"పాత ఫోల్డర్లన్నీ మొన్న తీసేశానమ్మా," అన్నాడు మామయ్య, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

కమిటీలో బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకురాలు థీసిస్ తిరగేసి నవ్వింది. "ఖాతా ఎవరిదైతే రుజువు వాళ్ళ చేతిలోనే ఉంటుందని మీరే రాశారుగా. సారీ, సార్ రాశారు."

అందరూ నవ్వారు. మామయ్య మాత్రం నవ్వలేదు. చిన్నపిల్ల తొందరపడిందనీ, తను మనసులో పెట్టుకోననీ, ఆ మూడు అధ్యాయాలు తీసేసి వేరేవి రాయడానికి ఏడాది గడువిమ్మనీ బతిమాలాడు. దగ్గరుండి తానే రాయిస్తానన్నాడు. కమిటీవాళ్ళ మనసు కరిగిపోయింది. ఇంత మంచివాడు గైడ్ అయినందుకు కృతజ్ఞత చెప్పుకోమని అధ్యక్షుడు ఆమెను హెచ్చరించాడు.

దొంగను నేను కాదంటే ఆ ఏడాది కూడా దక్కదు. "థాంక్యూ సార్," అంది. ఆ క్షణంలో మామయ్య మీదకంటే తన మీదే ఆమెకు ఎక్కువ అసహ్యం వేసింది.

వరండాలో ఆయన ఆమె తల నిమిరాడు. ఉద్యోగం గురించి దిగులు పడవద్దనీ, అమ్మకు తానే నచ్చజెబుతాననీ అన్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"పుస్తకం బాగా అమ్ముడుపోతోంది. రెండో ముద్రణకు ఇంకో రెండు అధ్యాయాలు అడుగుతున్నారు."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఎప్పటికి కావాలి సార్?"