వీపున ఉన్న గుంట

నేను ఒక టేకు అచ్చును. చీర అంచుల మీద మామిడి పిందెలు అద్దడానికి పుట్టాను. పెడనలో సోమలింగాచారి నన్ను చెక్కి, నూనెలో నానబెట్టి, అద్దకం షెడ్డుకు పంపాడు. అక్కడ నాంచారమ్మ చేతిలో పడ్డాను.

ఏం చెయ్యి అది! నాకు రంగు పట్టించి, గుడ్డ మీద ఆనించి, వీపున ఒక్క చరుపు చరిచేది. మిగతావాళ్లు చేతికి గుడ్డ చుట్టుకునేవారు. ఆమె మాత్రం "అడ్డం ఉంటే అచ్చు మాట వినదు" అంటూ ఒట్టి చేత్తోనే కొట్టేది. ముప్పై ఏళ్ల చరుపులకు నా వీపున ఆమె అరచేయంత గుంట పడింది.

స్క్రీన్ ప్రింటింగ్ వచ్చి షెడ్డు మూతపడ్డాక, యజమాని నన్ను మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇక్కడ నన్ను మహారాజులా చూస్తారు. అద్దాల బీరువాలో పెట్టారు, ఏసీ కూడా ఉంది. ముట్టుకునే నాథుడే లేడు. పక్కన చీటీ మీద నన్ను ఇచ్చిన యజమాని పేరు, చెక్కిన ఆచారి పేరు రాశారు. ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఫొటోలు తీసినప్పుడు కూడా నన్ను వెల్లకిలా పడుకోబెట్టి ముఖమే తీశారు. బోర్లించి చూడాలని ఒక్కరికీ తోచలేదు. ఎక్కడెక్కడివాళ్లో ఇంట్లో కూర్చుని, వేళ్లతో నన్ను పెద్దది చేసుకుని మురిసిపోతున్నారట.

శనివారాలు గైడు సుకన్య వీడియో కాల్‌లో మ్యూజియం చూపిస్తుంది. తనూ నేనూ కలిసి పడేలా ఫోను ఎదురుగా పట్టుకుంటుంది కాబట్టి అవతలివాళ్లు నాకూ కనిపిస్తారు. మొన్న శనివారం అందులో ఒక ముసలావిడ, మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. పక్కన మనవరాలు. నా మూడో పిందె కొస విరిగి ఉంటుంది. అది చూడగానే ఆవిడ "ఇది నాదేనే!" అని కేక పెట్టింది. ఆ గొంతు నేను మరిచిపోతానా? నాంచారమ్మ!

"అమ్మాయ్, దాన్ని ఓసారి బోర్లించు తల్లీ. ఎనకమాల చూడాలి."

"అద్దం తాళం నా దగ్గర ఉండదు మామ్మగారూ. ముందువైపే ఇంకా దగ్గరగా చూపిస్తాను, చెక్కడం ఎంత బాగుందో చూడండి."

"ఆ చెక్కడం ఆచారిది. నాది ఎనకమాల ఉంది."

సుకన్యకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బోర్లా పడిపోవాలనిపించింది. చెక్కను, ఏం చేయగలను?

నాంచారమ్మ చెయ్యెత్తి ముందుకు చాచింది. బొటనవేలి కింద కాయ కట్టిన ఆ అరచెయ్యి దగ్గరకొచ్చి, ఇంకా దగ్గరకొచ్చి, తెరంతా చీకటైంది.

"అయ్యో, సిగ్నల్ పోయినట్టుంది" అంటూ సుకన్య పక్క బీరువా వైపు కదిలింది.

సిగ్నల్ ఎక్కడికీ పోలేదు. అది నా వీపున పడాల్సిన చెయ్యి.